‘అన్‌నోన్ ఆర్టిస్ట్’ని తీసేద్దాం: పీసీలో మన పాటల లైబ్రరీ సెట్ చేసుకోండిలా

దీపావళికి కరీంనగర్‌లో ఇంటికి పోయినప్పుడు నా ల్యాప్‌టాప్‌లో కొత్త సెటప్ మా బాపుకి చూపించా. ఫూబార్2000, డార్క్ మోడ్, పక్కన పెద్ద ఆల్బమ్ ఆర్ట్, కింద వేవ్‌ఫామ్. రెండు రాత్రులు కూర్చొని చేసిన లేఅవుట్ అది. స్క్రీన్‌షాట్ పెడితే లైకులు గ్యారంటీ అనే రేంజ్‌లో ఉంది. బాపు రెండు నిమిషాలు చూసి, “మంచిగనే ఉంది గని, మన బీరప్ప పట్నాలప్పుడు రికార్డ్ జేసిన కథ ఉండె గదా, గది పెట్టు” అన్నాడు.

వెతికా. పాత క్యాసెట్ల నుంచి ఎప్పుడో ఎంపీ3లుగా మార్చిన ఫోల్డర్ దొరికింది. ప్లేయర్‌లో కనిపించింది మాత్రం ఇదీ: ట్రాక్ 07, అన్‌నోన్ ఆర్టిస్ట్, అన్‌నోన్ ఆల్బమ్. నొక్కితే డోలు మోగింది, గొంతు లేచింది. బాపు మూడు సెకన్లలో కథ చెప్పేదెవరో, వెనకాల వంత పాడేదెవరో, ఏ ఊరోళ్లో చెప్పేశాడు. వాళ్లలో ఒకాయన ఇప్పుడు లేడట. అంత ఖర్చు పెట్టి కొన్న ల్యాప్‌టాప్‌కి తెలియని ముచ్చట ఆయనకు తెలుసు. ఆయన చెప్పకపోతే ఆ ఫైల్ ఎప్పటికీ ట్రాక్ 07గానే ఉండిపోయేది.

అందుకే ఈసారి స్కిన్‌తో మొదలుపెట్టట్లేదు. ముందు లైబ్రరీ సంగతి చూద్దాం, లుక్ సంగతి తర్వాత.

ముందుగా ఒక హెచ్చరిక, నా చేతులు కాలాక చెప్తున్నది. చాలా ప్లేయర్లలో ‘ఆటో ఆర్గనైజ్’ లాంటి ఆప్షన్ ఉంటుంది. ట్యాగుల్లో ఉన్నదాన్ని బట్టి ఫైళ్ల పేర్లు మార్చి, ఫోల్డర్లు తానే కట్టేస్తుంది. ట్యాగులు సరిగ్గా ఉంటే అద్భుతం. నా ఫైళ్లకు ట్యాగులే లేవు, ఉన్న సమాచారమంతా ఫైల్ పేరులోనే ఉంది. ప్రివ్యూ చూడకుండా ఓకే కొట్టా. వందల ఫైళ్లు ‘అన్‌నోన్’ ఫోల్డర్‌లో వరస నంబర్లతో పడ్డాయి, పేర్లన్నీ గాయబ్. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాదే. పాత హార్డ్ డిస్క్‌లో కాపీ ఉండబట్టి బతికిపోయా. కాబట్టి మొదటి పని: మొత్తం మ్యూజిక్ ఫోల్డర్‌ని ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయండి. అది అయ్యాకే ఇక్కడి నుంచి చదవండి.

ప్లేయర్ ఏది? విండోస్‌లో నా ఓటు ఫూబార్2000కే. పీటర్ పావ్లోస్కీ 2002లో మొదలుపెట్టిన ఫ్రీ ప్లేయర్ ఇది. 2023లో వచ్చిన 2.0 వెర్షన్‌తో డార్క్ మోడ్, 64 బిట్ రెండూ వచ్చాయి. ఇన్‌స్టాల్ చేయగానే బోసిగా కనిపిస్తుంది, భయపడొద్దు. ఇంత ఓపిక లేదంటే మ్యూజిక్‌బీ వాడండి, అదీ ఫ్రీనే. స్కిన్లు రెడీగా ఉంటాయి, కొత్త ఫైళ్లు ముందు ‘ఇన్‌బాక్స్’లో ఆగుతాయి, ట్యాగులు సరిచేశాక లైబ్రరీలోకి పంపొచ్చు. లినక్స్ బ్యాచ్‌కి స్ట్రాబెర్రీ ఉంది. కింద చెప్పేదంతా ఫూబార్‌లో చేసింది, ఐడియా మాత్రం ఎందులోనైనా ఒకటే.

ఇక అసలు విషయం. ప్లేయర్ చూపించేది ఫైల్ లోపల ఉండే ట్యాగులనే. ఎంపీ3ల్లో దాన్ని ఐడీ3 అంటారు. 1996లో వచ్చిన మొదటి వెర్షన్ ఫైల్ చివర్లో 128 బైట్లు మాత్రమే తీసుకునేది. పాట పేరుకు 30 బైట్లు, ఆర్టిస్ట్‌కి 30, ఆల్బమ్‌కి 30. ఇంగ్లిష్ అక్షరాల లెక్కతో కట్టిన గది అది, తెలుగుకు అందులో చోటే లేదు. జానర్ సంగతి ఇంకా తమాషా. 80 రకాల సంగీతానికి నంబర్లిచ్చారు. పోల్కా ఉంది, గ్రంజ్ ఉంది, డెత్ మెటల్ ఉంది. ‘ఫోక్’ అనే మాటే లేదు! తర్వాత విన్‌యాంప్ వాళ్లు తమ లిస్టు కలిపినప్పుడు 80వ నంబర్‌గా వచ్చింది. ఒగ్గు కథ, దండారి పాటల సంగతి ఇక చెప్పేదేముంది.

అదృష్టం కొద్దీ ఐడీ3 రెండో వెర్షన్ ఈ గోడలన్నీ కూల్చేసింది. యూనికోడ్ ఉంది, కాబట్టి తెలుగు ఎంత పొడుగైనా రాసుకోవచ్చు. గీత రచయితకు విడిగా గది ఉంది. అంతకన్నా ముఖ్యంగా, మనకు కావాల్సిన గదిని మనమే కట్టుకోవచ్చు. దీన్నే కస్టమ్ ఫీల్డ్ అంటారు. మొత్తం సెటప్‌కి గుండెకాయ ఇదే.

మన పాటలకు ఆర్టిస్ట్, ఆల్బమ్ అనే రెండు పెట్టెలు సరిపోవు. సినారెనే తీసుకోండి. మన కరీంనగర్ జిల్లా హన్మాజీపేటలో 1931లో పుట్టారు, 1962లో గులేబకావళి కథతో సినిమా పాటల్లోకి వచ్చారు, ‘విశ్వంభర’కు జ్ఞానపీఠం అందుకున్నారు. మీ ప్లేయర్‌లో ఆయన పేరు ఎక్కడుంది? ఆర్టిస్ట్ దగ్గర ఘంటసాల, సుశీల ఉంటారు. ఆల్బమ్ దగ్గర సినిమా పేరు. రాసినాయన ఎక్కడా లేడు. పోనీ ఎవరో ఓపికగా పెట్టారనుకుంటే ఒక ఫైల్‌లో ‘సినారె’, ఇంకోదాంట్లో ‘సి.నారాయణరెడ్డి’, మరోదాంట్లో ‘డా. సి. నారాయణ రెడ్డి’. మనకు ఒక్కరే, ప్లేయర్‌కు ముగ్గురు. మధ్యలో ఒక స్పేస్ తేడా వచ్చినా దానికి వేరే మనిషే. అందుకే ప్రతి పేరుకూ ఒకే స్పెల్లింగ్ ఖాయం చేసుకొని, నోట్‌ప్యాడ్‌లో లిస్టు పెట్టుకోండి. కాపీ, పేస్ట్ తప్ప టైప్ చేయొద్దు.

నేను పెట్టుకున్న ఫీల్డులు ఇవి: గాయకులు, రచన, ఊరు, రకం, భాష, రికార్డ్ చేసిన ఏడాది, పేర్లు ఎవరు చెప్పారు. చివరిది వింతగా అనిపించొచ్చు. బాపు గొంతు గుర్తుపట్టి చెప్పిన పేరు వేరు, క్యాసెట్ అట్ట మీద రాసి ఉన్న పేరు వేరు. రేపు ఎవరైనా “కాదు, అది ఫలానా ఆయన” అంటే దేన్ని నమ్మాలో తెలియాలి కదా. ఫీల్డ్ పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి, వేరే సాఫ్ట్‌వేర్‌కి మారినా ఇబ్బంది ఉండదు. లోపల రాసేది తెలుగులో రాయండి.

ఫూబార్‌లో ఎలా? పాటలు సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ప్రాపర్టీస్ తెరుచుకుంటుంది. అక్కడే కొత్త ఫీల్డ్ కలపొచ్చు, యాభై ఫైళ్లకు ఒకేసారి ఊరి పేరు ఎక్కించొచ్చు. ఫైల్ పేరులోనే సమాచారం ఉంటే, ఆ పేరు నుంచి ట్యాగులు నింపే టూల్ కూడా అందులోనే ఉంది. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ లాంటివి పాట విని నెట్‌లో పోల్చి పేర్లు తెస్తాయి. సినిమా పాటలకు ప్రయత్నించండి. ఊర్లో రికార్డ్ చేసిన కథకు నెట్‌లో సమాధానం ఉండదు, ఇంట్లో పెద్దోళ్ల దగ్గరే ఉంటుంది. నేనైతే బాపుకి హెడ్‌ఫోన్స్ పెట్టి పక్కన కూర్చున్నా. గంటలో పదకొండు ఫైళ్లు అయినయ్. మధ్యలో రెండుసార్లు చాయ్, ఒకసారి ఆయన చిన్నాయనకు ఫోన్.

ఊరు ఫీల్డ్ దగ్గర మన జిల్లాలకు ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు మారాయి. పాత ఆదిలాబాద్ నాలుగు ముక్కలైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. హన్మాజీపేట కరీంనగర్ నుంచి రాజన్న సిరిసిల్లలోకి పోయింది. ‘ఊరు మీద పాట’ అనగానే అందరికీ గుర్తొచ్చే గూడ అంజయ్యది ఆదిలాబాద్ జిల్లా అని పాత క్యాసెట్ల కాలం వాళ్లంటారు, ఆయన ఊరు ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో ఉంది. ఏది రాయాలి? నా పద్ధతి: ఊరు ఫీల్డ్‌లో ఊరి పేరు ఒక్కటే, జిల్లా వద్దు. జిల్లాకు విడిగా ఇంకో ఫీల్డ్ పెట్టి పాతదీ కొత్తదీ రెండూ రాస్తా. ఊరు మారదు కదా.

దీని మజా సెర్చ్‌లో తెలుస్తుంది. ఊరు ఫీల్డ్‌లో ‘హన్మాజీపేట’ ఉన్నవన్నీ చూపించమని అడిగా. ఒక వైపు సినారె సినిమా పాటలు వచ్చాయి. వాటి కిందే మిద్దె రాములు ఒగ్గు కథ. ఆయనదీ అదే ఊరు! నా దగ్గర ఏళ్ల నుంచి రెండూ ఉన్నాయి, ఒకటి ‘ఓల్డ్ హిట్స్’ ఫోల్డర్‌లో, ఇంకోటి ‘మిసిలేనియస్’లో. ఒక ఊరోళ్లను పక్కపక్కన చూడటం అదే మొదటిసారి.

ఇంకో సెర్చ్ తప్పకుండా పెట్టుకోండి. ఫీల్డ్ పేరు పక్కన ‘మిస్సింగ్’ అని ఇంగ్లిష్‌లో కొడితే, ఆ గది ఖాళీగా ఉన్న ఫైళ్లన్నీ వస్తాయి. దాన్ని ఆటోప్లేలిస్ట్‌గా సేవ్ చేస్తే పేర్లు ఎక్కించే కొద్దీ లిస్టు తానే చిన్నదవుతుంది. నా దానికి ‘బాకీ’ అని పేరు పెట్టా.

ఆదిలాబాద్ ఫ్రెండ్ ఒకడు ఫోన్‌లో రికార్డ్ చేసిన దండారి ఆడియోలు పంపాడు. మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించాక గుస్సాడీ వీడియోలు చాలా తిరిగాయి గానీ, డౌన్‌లోడ్ చేసిన ఆడియోల్లో ‘ట్రైబల్ డాన్స్’ అన్న మాట తప్ప ఏమీ ఉండదు. వీటికి రకం ‘దండారి’, భాష ‘గోండి’ అని ఎక్కించాం. వాయిద్యాల పేర్లు, ఏ గూడెం అన్నది వాడే వాళ్ల తాతను అడిగి రాశాడు. నేను ఇక్కడ కూర్చొని ఊహించి రాస్తే తప్పే రాసేవాణ్ణి.

సరే, ఇప్పుడు లుక్. వ్యూ మెనూలో లేఅవుట్ ఎడిటింగ్ మోడ్ ఆన్ చేసి, ఏ ప్యానెల్ మీదైనా రైట్ క్లిక్ కొడితే దాన్ని తీసేసి ఇంకోటి పెట్టొచ్చు. నా పాత లేఅవుట్‌లో సగం స్క్రీన్ వేవ్‌ఫామ్, స్పెక్ట్రమ్. అవి తీసేశా. ఎడమ వైపు ఆల్బమ్ లిస్ట్. దాని సెట్టింగ్స్‌లో కొత్త వ్యూ రాసుకోవచ్చు, నాది ఊరు, గాయకులు, పాట అనే వరసలో తెరుచుకుంటుంది. మధ్యలో ప్లేలిస్ట్, అందులో ‘రచన’కు ఒక కాలమ్. ప్లేలిస్ట్ వ్యూ సెట్టింగ్స్‌లో కస్టమ్ కాలమ్ కలిపి, ఫీల్డ్ పేరును రెండు శాతం గుర్తుల మధ్య రాస్తే చాలు. కుడి వైపు సెలెక్షన్ ప్రాపర్టీస్, దాని పైన ఆల్బమ్ ఆర్ట్.

ఆర్ట్ అంటే ఊరి రికార్డింగ్‌కు పోస్టర్ ఎక్కడిది? క్యాసెట్ అట్ట మీద బాల్ పెన్‌తో రాసిన చేతిరాతను ఫోటో తీసి, ఫోల్డర్‌లో ‘కవర్’ అని ఇంగ్లిష్‌లో పేరు పెట్టి జేపీజీగా పడేశా. ఫూబార్ తానే తీసుకుంది. నా లైబ్రరీలో ఇంతకన్నా అందమైన కవర్ లేదు.

ఫాంట్ విషయంలో పిసినారితనం వద్దు. విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ నీట్‌గానే ఉంటుంది, కొంచెం రౌండ్‌గా కావాలంటే మండలి ఫ్రీగా దొరుకుతుంది. సైజు ఇంగ్లిష్‌కు పెట్టేదానికన్నా రెండు పాయింట్లు పెంచండి, లేకపోతే వత్తులు కలిసిపోతాయి. పాత విన్‌యాంప్ స్కిన్ల మీద మోజున్నోళ్లకు ఒక మాట: ఆ స్కిన్లలో పాట పేరు చూపించే అక్షరాలు నిజానికి చిన్న బొమ్మ ఫైల్, అందులో తెలుగు లేదు. ప్రిఫరెన్సెస్‌లో బిట్‌మ్యాప్ ఫాంట్ ఆప్షన్ టిక్ తీసేస్తే తెలుగు వస్తుంది, స్కిన్ అందం కొంచెం పోతుంది. నేనైతే తెలుగు వైపే.

క్యాసెట్ నుంచి వచ్చినవి చిన్నగా, సినిమా పాటలు గట్టిగా వినిపిస్తుంటే రీప్లేగెయిన్ స్కాన్ చేయండి. ఆడియోని ముట్టుకోదు, ఎంత పెంచాలో ట్యాగ్‌లో రాసుకుంటుంది. ఫోన్‌లోకి పంపేవాటికి ఊరి పేరు ఆల్బమ్ ఫీల్డ్‌లో కూడా పెట్టండి, చాలా ఫోన్ యాప్‌లు కస్టమ్ ఫీల్డుల్ని చూపించవు. కార్ స్టీరియోలో తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తే ట్యాగుల్ని తిట్టుకోవద్దు, అందులో ఫాంట్ లేదంతే.

నా ‘బాకీ’ లిస్టులో ఇంకా 63 ఉన్నాయి. సంక్రాంతికి పోతున్నా. ఈసారి బాపుతో పాటు చిన్న తాతను కూడా కూర్చోబెట్టాలి. ఆయనకు చెవులు సరిగ్గా వినపడవు, అందుకే మంచి హెడ్‌ఫోన్స్ ఒకటి వెతుకుతున్నా. రెండు వేల లోపు ఏదైనా ఉంటే చెప్పండి.