మారుపేరు దాచలేని జాడలు

2006 ఆగస్టులో అమెరికాకు చెందిన ఏవోఎల్ సంస్థ పరిశోధకుల కోసమని ఒక పెద్ద జాబితా బయటపెట్టింది. సుమారు ఆరున్నర లక్షల మంది మూడు నెలలపాటు ఇంటర్నెట్‌లో ఏమేం వెతికారో అందులో ఉంది. పేర్లు తీసేసి ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చారు. అయినా కొద్ది రోజులకే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబరు వెనక ఉన్న వృద్ధురాలిని కనిపెట్టేశారు. ఆమె వెతికిన వాటిలో సొంత ఊరి పేరుంది, తన ఇంటిపేరున్న మనుషులున్నారు. అంతకన్నా ఆచూకీ ఏం కావాలి?

అదే ఏడాది నెట్‌ఫ్లిక్స్ కూడా పేర్లు తీసేసి, దాదాపు 4.8 లక్షల మంది సినిమాలకిచ్చిన రేటింగులను విడుదల చేసింది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ వాటిని పరిశీలించారు. ఒక మనిషి ఎనిమిది సినిమాలకు ఎప్పుడు, ఎంత రేటింగ్ ఇచ్చాడో తెలిస్తే చాలు, అందులో రెండు పూర్తిగా తప్పయినా, తేదీలు రెండు వారాలు అటూ ఇటూ అయినా, 99 శాతం రికార్డులను విడిగా గుర్తించవచ్చని తేల్చారు. సినిమాల వెబ్‌సైటు ఐఎండీబీలో బహిరంగంగా ఇచ్చిన రేటింగులతో పోల్చి కొందరిని గుర్తుపట్టి చూపారు కూడా.

అభిరుచే కాదు, రాత కూడా మనిషిని పట్టిస్తుంది. 2013లో రాబర్ట్ గాల్‌బ్రైత్ పేరుతో వచ్చిన డిటెక్టివ్ నవల జె.కె.రౌలింగ్‌దేనన్న అనుమానం వచ్చినప్పుడు, పాట్రిక్ జువోలా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త మాటల పొడవు, తరచూ వాడే పదాలు, జంటగా వచ్చే మాటలు లెక్కగట్టి పోల్చాడు. పోలికలు ఆమె వైపే మొగ్గాయి. చివరికి రౌలింగ్ ఒప్పుకున్నారు.

మనం నోరు విప్పకపోయినా బ్రౌజర్ చెప్పేస్తుంది. తెర కొలత, ఫాంట్లు, టైమ్ జోన్, వెర్షన్ వంటి వివరాలను వెబ్‌సైట్లు అడిగి తెలుసుకోగలవు. 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పరీక్షించిన దాదాపు 4.7 లక్షల బ్రౌజర్లలో 83.6 శాతం వేటికవే ప్రత్యేకంగా తేలాయి. బ్రౌజర్‌లో ఉండే ఇన్‌కాగ్నిటో కిటికీ ఈ గుర్తింపును ఆపదు. ఆ కిటికీ మూశాక మన కంప్యూటర్లో చరిత్ర, కుకీలు మిగలకుండా చూడటమే దాని పని.

ఆఫీసుకు ఒక ఖాతా, కవితలకు ఇంకొకటి, జబ్బు గురించి అడగడానికి మరొకటి పెట్టుకునేవారు గమనించాల్సింది ఇదే. పేరు మార్చినా అదే యూజర్‌నేమ్, అదే ప్రొఫైల్ ఫొటో, అదే ఈమెయిల్ వాడితే ఖాతాలు ఎన్నున్నా మనిషి ఒకడే అని తెలిసిపోతుంది. యాపిల్ ‘హైడ్ మై ఈమెయిల్’ ఒక్కో సైటుకు ఒక్కో చిరునామా ఇస్తుంది. ఫైర్‌ఫాక్స్ కంటైనర్లు ఒక ఖాతా కుకీలను ఇంకో ఖాతాకు కనబడనివ్వవు. పాస్‌వర్డ్ మేనేజర్ ఉంటే ప్రతి ఖాతాకూ వేరే పాస్‌వర్డ్ పెట్టుకోవడం కష్టమేం కాదు.

ఒక్కో చోట ఒక్కో గుర్తింపు అనే ఈ ఆలోచన ఆధార్‌లోకీ వచ్చింది. 2018లో 16 అంకెల వర్చువల్ ఐడీతో పాటు, ఒక్కో సంస్థకు ఒక్కో టోకెన్ ఇచ్చే పద్ధతిని ప్రకటించారు. ఒకే మనిషికి రెండు సంస్థల దగ్గర రెండు వేర్వేరు టోకెన్లుంటే వాటిని జతచేయలేరు. అయితే ఆ రెండు చోట్లా అదే మొబైల్ నంబరు రాసిస్తే, జాబితాలు కలపడానికి ఆ పది అంకెలే సరిపోతాయి.