పీసీఆర్ చీటీలో ‘నెగెటివ్’ అని ఉంటే సరిపోతుందా?

రొయ్య సీడు కొనేటప్పుడు హేచరీ వాళ్లో, ఏజెంటో మన చేతిలో ఒక చీటీ పెడతారు. ‘వైట్‌స్పాట్ నెగెటివ్, ఈహెచ్‌పీ నెగెటివ్’ అని రాసి కింద ముద్ర ఉంటుంది. అది చూసి ధైర్యంగా సీడు వదులుతాం. నలభై రోజులకే రొయ్యలు గట్టు పక్కన చచ్చి తేలితే ‘టెస్టు చేసిన సీడే కదా!’ అని తల పట్టుకుంటాం. ఎకరం, రెండెకరాలు కౌలుకు తీసుకుని, మేత కూడా అప్పు మీద తెచ్చుకునే రైతు ఆ చీటీ ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకుని తీరాలి.

తెల్లమచ్చల వ్యాధి మన కోస్తాకు 1994 చివర్లో వచ్చింది. ఆనాడు టైగర్ రొయ్య వేసినవాళ్లలో ఎందరో చెరువులు ఎండబెట్టుకుని కూర్చున్నారు. ఈ వైరస్ ముదిరితే మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం పోతుంది. మందు లేదు. పిల్లల దశలో మచ్చలు కనిపించవు, కాబట్టి సీడును దోసిట్లో పట్టి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా మచ్చలన్నీ ఈ వైరస్ వల్లే రావు. కొన్ని బాక్టీరియాల వల్ల కూడా పెంకు మీద తెల్లమచ్చలు వస్తాయి. అందుకే పీసీఆర్ అవసరం పడింది.

ఈ పద్ధతిని 1983లో అమెరికాలో కేరీ మల్లిస్ కనిపెట్టారు. 1993లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. విషయం పెద్ద కష్టమేం కాదు. ప్రతి జీవికీ డీఎన్ఏ అనే జన్యుపదార్థం ఉంటుంది. వైరస్‌ది వైరస్‌కే ప్రత్యేకం. రొయ్య పిల్లల్ని నూరి డీఎన్ఏ తీసి, వైరస్ డీఎన్ఏకు మాత్రమే అతుక్కునే చిన్న తునకలు, అంటే ప్రైమర్లు, అందులో కలిపి మిషన్లో పెడతారు. మిషన్ దాన్ని 95 డిగ్రీల దాకా వేడి చేసి, చల్లార్చి, మళ్లీ 72 డిగ్రీలకు తెస్తుంది. వైరస్ ముక్క ఉంటే ఒక్కో విడతకు రెట్టింపవుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు... అలా 30 విడతలకు 100 కోట్లు దాటుతుంది. అప్పుడు గీతగా కంటికి కనిపిస్తుంది. వైరస్ లేకపోతే రెట్టింపయ్యేదేమీ ఉండదు, గీత రాదు.

ఇంత సూక్ష్మమైన పరీక్ష కూడా మనం ఇచ్చిన పిల్లల సంగతే చెబుతుంది. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. లక్ష పిల్లలున్న సీడులో నూటికి రెండింటికి రోగం ఉందనుకోండి. అంటే 2,000 పిల్లలు. అందులోంచి 20 పిల్లల్ని తీసి పరీక్షిస్తే, ఆ ఇరవైలో ఒక్క రోగపు పిల్ల కూడా పడకుండా పోయే అవకాశం మూడింట రెండు వంతులు! చీటీ నెగెటివే, సీడు మాత్రం రోగపుదే. అదే 150 పిల్లల్ని తీస్తే తప్పిపోయే అవకాశం నూటికి అయిదుకు దిగుతుంది. కాబట్టి చీటీలో ‘నెగెటివ్’ కన్నా ముందు చూడాల్సింది ఎన్ని పిల్లల్ని పరీక్షించారు, ఏ ట్యాంకువి, ఏ తేదీన అని. మీకు ప్యాక్ చేసే ట్యాంకు, చీటీలో ఉన్న ట్యాంకు ఒకటి కాకపోతే ఆ చీటీ ఎందుకూ పనికిరాదు. ట్యాంకులో నాలుగు మూలల నుంచీ, అడుగు నుంచీ మీరే పిల్లల్ని తీయించండి. నీరసంగా అడుగుకు చేరినవాటిని వదలొద్దు. ఒకే ట్యాంకు సీడు పంచుకునే నలుగురు రైతులు కలిస్తే ఖర్చూ తగ్గుతుంది.

‘సెకండ్ స్టెప్ పాజిటివ్ అండీ, ఏం కాదు’ అని ఏజెంటు అంటే నమ్మకండి. మొదటి విడతలోనే గీత వస్తే వైరస్ ఎక్కువని, రెండో విడతలో వస్తే తక్కువని అర్థం. తక్కువ ఉన్నదే వాన పడి చలి పెరిగినప్పుడో, ఆక్సిజన్ తగ్గినప్పుడో విజృంభిస్తుంది. నా మటుకు అలాంటి సీడు ముట్టుకోకపోవడమే మేలంటాను. రియల్ టైమ్ పీసీఆర్ చీటీ అయితే ‘సీటీ’ అని ఒక అంకె ఉంటుంది. దీన్ని చాలామంది తిరగేసి చదువుతున్నారు. అంకె చిన్నదైతే రోగం ఎక్కువ. 34 కన్నా 18 ప్రమాదం.

వనామీకి 2009లో అనుమతి వచ్చాక మరో తలనొప్పి చేరింది. అదే ఈహెచ్‌పీ. ఇది వైరస్ కాదు, బూజు జాతికి దగ్గరి సూక్ష్మజీవి. రొయ్యను ఒక్కసారిగా చంపదు, ఎదగనివ్వదు. మేత తింటుంది, కౌంటు మాత్రం దిగదు. ఇది జీర్ణగ్రంథిలో, అంటే మనం లివర్ అనే దాంట్లో, కాపురం ఉంటుంది. తెల్లమచ్చల వైరస్ ఆ గ్రంథిలో పెరగదు. మొప్పల్లో, ఈత కాళ్లలో దొరుకుతుంది. అందుకే పెరిగిన రొయ్యను ల్యాబుకిచ్చేటప్పుడు ఏ రోగం కోసమో చెప్పాలి. ఈహెచ్‌పీకి ఈత కాళ్లు ఇస్తే లాభం లేదు.

సీడు నిజంగా నెగెటివే అయినా చెరువు, నీరు శుభ్రంగా లేకపోతే రోగం రావచ్చు. తెల్లమచ్చల వైరస్‌ను పీతలు, కాలువలోని అడవి రొయ్యలు మోస్తాయి. గట్టు చుట్టూ పీతల కంచె, నీరు పెట్టేచోట సన్నకన్ను వల తప్పవు. ఈహెచ్‌పీ వచ్చిన చెరువుకు బ్లీచింగ్ ఒక్కటే చాలదు. చెరువు ఎండబెట్టి, ఎకరాకు సుమారు 24 క్వింటాళ్ల చొప్పున, నీళ్లు తగలని కాల్చిన సున్నం వేయాలి. నాలుగైదు అంగుళాల లోతు దున్ని, తర్వాత నేలను తడపాలి. మట్టి పీహెచ్ 12కి చేరితేనే పని జరిగినట్టు.

ల్యాబు దూరమైతే శాంపిల్‌ను 95 శాతం ఇథనాల్‌లో వేసి పంపండి. ఫార్మాలిన్‌లో వద్దు, డీఎన్ఏ పాడవుతుంది. సీసా మీద చెరువు లేదా ట్యాంకు నంబరు, తేదీ పెన్సిల్‌తో రాయండి. ఇథనాల్ ఒలికితే పెన్ను రాత చెరిగిపోతుంది. పిల్లలు కాస్త పెద్దవైతే నూరే ముందు కళ్లు తీసేయమని ల్యాబువాళ్లకు గుర్తు చేయండి. రొయ్య కళ్లలోని పదార్థం పరీక్షకు అడ్డుపడి, రోగమున్నా నెగెటివ్ చూపిస్తుంది.