సముద్రతీరపు కొంటె కార్డులు

విక్టోరియా రాణి కాలపు ఆంగ్లేయులు పియానో కాళ్ళను చూచి సిగ్గుపడి వానికి గుడ్డలు తొడిగిరను మాట మన సభలలోను పత్రికలలోను ఎన్ని మారులు వినవచ్చుచుండునో లెక్క లేదు. ఆ మాట చెప్పినవారే, డొనాల్డ్ మెగిల్ గీసిన సముద్రతీరపు బొమ్మకార్డు నొకదానిని చూపినంతనే, అంతటి సిగ్గరుల దేశమున ఇంతటి వెకిలితనము ఎట్లు పుట్టినదని విస్తుపోవుదురు. మొదటి మాట అసత్యము. రెండవ ప్రశ్న ఆ అసత్యము కన్న సంతానము. పియానో కాళ్ళ కథకు మూలము నావికుడును నవలాకారుడును అయిన కెప్టెన్ ఫ్రెడెరిక్ మారియట్ 1839లో ప్రకటించిన అమెరికా యాత్రాగ్రంథము. అచ్చటి బాలికా పాఠశాల యొకదానిలో పియానో నాలుగు కాళ్ళకును కుచ్చుల లాగులు తొడిగియుండగా తాను చూచితినని ఆయన వ్రాసెను. అనగా, అమెరికావారి అతిమర్యాదను వెక్కిరించుటకు ఇంగ్లీషువారు చెప్పుకొని నవ్విన కథ యది. తరువాతి తరముల వారు దానిని త్రిప్పి తమ తాతల నెత్తినే రుద్దిరి. మనము దానిని వేదవాక్యముగా స్వీకరించితిమి. తాము పూర్వులకంటె విశాలహృదయులమని తలంచుకొనుటలో నొక సుఖము గలదు; ఆ సుఖము కొరకు ఎట్టి పుక్కిటి పురాణము నైనను నమ్ముటకు ప్రతి తరమును సిద్ధముగనే యుండును.

మర్యాదకును ఈ కార్డులకును గల సంబంధము శత్రుత్వము కాదు; పోషకపోష్య సంబంధము. అది బోధపడవలెనన్న ముందు కార్డు అనగా నేమో కొంచెము తలంచుకొనవలెను.

ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యమున 1869 అక్టోబరు 1వ తేదీన తొలుత వెలువడిన కార్డు, సరిగా సంవత్సరము తిరుగునప్పటికి ఇంగ్లండునకు వచ్చి, 1879లో కాలణా వెలతో మన దేశమున నడుగిడినది. కవరు లేని ఉత్తరమగుటచే, వ్రాసినవానికిని అందుకొనినవానికిని నడుమ తపాలా గుమాస్తాయు, బంట్రోతును, వీధియరుగున కూర్చున్న పెద్దలును అందరును పాఠకులే. ఇంగ్లండున దొరలు మొదట దీనిని చూచి, మా గుట్టు మా పనివాండ్రు చదువుదురే యని కలవరపడిరి. మన పల్లెలలో ఆ కలవరమే లేదు. కార్డు తెచ్చిన పోస్టుమాన్ దానిని చదివి వినిపించి, జవాబు కూడ తానే వ్రాసిపెట్టి పోయెడివాడు. ఈ బహిరంగలేఖను మనవారు మరియొక ఘనకార్యమునకు గూడ వినియోగించిరి. ఫలానా దేవుని మహిమను ఇట్లే ఇంతమందికి వ్రాసి పంపుము, పంపినవానికి నిధి దొరకినది, చించినవానికి బిడ్డ పోయినది అని బెదరించు గొలుసు ఉత్తరములను ఎరుగనివా రుండరు. సర్వాంతర్యామి తన మహిమను చాటుకొనుటకు తపాలాశాఖపై నాధారపడవలసిన దుర్గతి యేల పట్టెనో అవి వ్రాసినవారు ఎన్నడును చెప్పలేదు. లాభము మాత్రము నిస్సందేహముగా తపాలాశాఖదే.

ఇక బొమ్మల సంగతి. బ్రిటిషు తపాలాశాఖ 1894లో ప్రైవేటువారు ముద్రించిన కార్డులపై అర పెన్నీ బిళ్ళ అంటించి పంపుట కనుమతించినది. కాని యొకవైపు చిరునామా తప్ప మరేమియు వ్రాయరాదను నియమముండుటచే, బొమ్మయు వ్రాతయు రెండవ వైపుననే ఇరుకుకొనవలసి వచ్చెడిది. 1902లో చిరునామా వైపును నిలువుగీతతో రెండుగా చీల్చి, ఎడమ సగమున జాబు వ్రాసికొనవచ్చు ననిరి. ఆ యొక్క గీతతో రెండవ వైపు సమస్తమును చిత్రకారుని పరమైనది. 1909-10 సంవత్సరమున బ్రిటిషు తపాలాశాఖ 80 కోట్లకు పైబడిన కార్డులను మోసినది. 1871 నాటి చట్టముచే బ్యాంకులకు సెలవుదినము లేర్పడుట, రైలుచార్జీలు తగ్గుట, ఉత్తరదేశపు నూలుమిల్లుల ఊళ్ళు ఏటేట నొక వారము మూతబడి ఊరంతయు సముద్రతీరమందలి బ్లాక్‌పూలునకు తరలిపోవుట, ఇవన్నియు గూడి ఆ గిరాకిని కల్పించినవి. మన మదరాసులో హిగ్గిన్‌బాథమ్స్ వారును బొమ్మకార్డు లమ్మిరి. కాని వానిలో భవనములును వీథులును వృత్తులవారును తప్ప వేళాకోళము తక్కువ.

ఆ సముద్రతీరములందే, సముద్రములోనికి చొచ్చుకొనిపోవు కొయ్యవంతెనలపై, మ్యూటోస్కోపు అను ఇనుప యంత్ర మొకటి వరుసలు వరుసలుగా నుండెడిది. నాకు దానిపై నొక మోజు; అందుచే పాఠకులు కొంచె మోపిక పట్టవలెను. అమెరికాలో హెర్మన్ కాస్లర్ అను యంత్రజ్ఞుడు కల్పించి 1895లో పేటెంటు పొందిన ఈ పెట్టెలో ఒక ఇరుసు చుట్టును సుమారు 850 ఛాయాచిత్రములు దట్టమైన అట్టలపై ముద్రింపబడి, ఒక అంచు ఇరుసునకు బిగింపబడి, రెండవ అంచు స్వేచ్ఛగా నిక్కి నిలుచుండును. అవి చలనచిత్రపు ఫిలిమునందలి వరుసబొమ్మలే. ఒకదానికిని మరుసటిదానికిని భేదము చెయ్యి వెంట్రుకవాసి కదలినంత మాత్రమే. పెన్నీ నాణెము వేసి, కన్నులను ముసుగుగొట్టమునకు ఆనించి, ప్రక్కనున్న పిడిని త్రిప్పినచో ఇరుసు తిరుగును. పైనున్న యొక చిన్న అడ్డు తగిలి అట్ట వెనుకకు వంగి, రెప్పపాటు కన్నులయెదుట నిశ్చలముగా నిలిచి, అడ్డు తప్పించుకొని టపుక్కున క్రిందికి పడును. దాని చాటుననున్న అట్ట అంతలో దాని స్థానమునకు వచ్చును. ఆ రెప్పపాటు నిలుకడయే సమస్తరహస్యము. అట్టలు ఆగక జారిపోయినచో అలుకుకొనిపోయిన బూడిదరంగు తప్ప మరేమియు కనబడదు. ఆగి ఆగి పోవుటచేతనే మనస్సు ఆ ముక్కలను కలిపి కదలికగా కుట్టుకొనును. పిడి చూపరి చేతిలోనే యుండుటచే, విసుగు పుట్టించు చోట వేగముగాను, తక్కినచోట మెల్లగాను త్రిప్పుకొనుట ఆతని యిష్టము. ఈ యంత్రమునకు బ్రిటనులో ‘బట్లరు చూచినది’ అను పేరు స్థిరపడినది. 1886లో నడచిన యొక ప్రభువంశపు విడాకుల వ్యాజ్యమున, తలుపు తాళపు రంధ్రమునుండి బట్లరు చూచిన సంగతి చర్చకు వచ్చుటయే దానికి మూలమందురు. పేరు చూచి ఏమేమో ఊహించినవానికి తుదకు కనబడినది మేజోళ్ళు విప్పుచున్న యొక వనిత. 1971లో నాణెముల పద్ధతి మారి పాత పెన్నీ చెల్లకపోవు పర్యంతమును ఆ పెట్టెలు రాబడి తెచ్చుచునే యుండినవి.

ఈ యంత్రమును ఇంతగా వర్ణించుటకు మోజు మాత్రమే కాక మరియొక కారణము గూడ గలదు. ముసుగులో ఒక్కరే చూచుదురు గాన, అందు శ్లేషతో పనిలేదు, చూపదలచినది చూపుటయే. కార్డుగతి యట్టిది కాదు. అంగడి గుమ్మమున తగిలింపబడి, తపాలా ముద్రలు గొట్టించుకొని, అత్తగారి చేతిమీదుగా కోడలిని చేరవలసిన వస్తువు అది. అందరి కన్నుల యెదుటను నడచుచు కొందరికి మాత్రమే నవ్వు తెప్పింపవలెను. అందుచే కొంటె కార్డు రెండు గుమ్మముల యిల్లు వంటిది. వీధిగుమ్మమున నిర్దోషమైన యర్థము తలుపు బార్లా తీసికొని కూర్చుండి పోలీసువానికి నమస్కరించును. పెరటిగుమ్మమున మరియొక యర్థము చప్పుడు చేయక నిలుచుండును. పెరటిదారిన వచ్చినవాడు తనంతట తానే వచ్చెను గాని యింటివారు పిలువలేదు. ఆ దారి యెరుగని పసిబిడ్డకు అది ఒక్క గుమ్మము గల యిల్లే. పెరటిగుమ్మము మరీ విశాలమైనచో లోపలిదంతయు వీధికి కనబడును. మరీ యిరుకైనచో ఎవ్వరును దూరలేరు. దాని కొలత తెలిసినవాడే ఈ వృత్తిలో మేస్త్రీ. అద్దె యెవరికి, పాలవాడు ఏ గుమ్మమున వచ్చును అను దాక పోయినచో ఇల్లు నా మీదనే కూలును గాన ఆపెదను. పింగళి సూరన మహాకవి రామకథను భారతకథను ఒకే పద్యములలో నడపిన ‘రాఘవపాండవీయము’ను ఈ చిల్లర సరుకు ప్రక్కన తలచుట అపచారమందురేమో, నేను చెప్పునది పనిముట్టును గూర్చియే, పనితనమును గూర్చి కాదు.

ఒక్క ఉదాహరణము చాలును. స్థూలకాయు డొకడు సముద్రపుటొడ్డున నిలిచియున్నాడు. ఆతని బొజ్జ క్రింద, కాళ్ళకడ, చిన్న బాలుడు కూర్చుండియున్నాడు. బొజ్జ అడ్డమగుటచే బాలుడు ఆతనికి కనబడడు. నా చిన్ని విల్లీ కనబడుట లేదే యని ఆతడు వాపోవుచున్నట్లు క్రింద వ్రాత. విల్లీ యనగా విలియమునకు ముద్దుపేరు. ఇంగ్లీషు పిల్లల భాషలో శరీరమునందలి మరియొకదానికిని పేరు. ఇంతకన్న వివరించినచో నేనును పెరటిగుమ్మమున పట్టుబడుదును.

ఇది గీసిన డొనాల్డ్ మెగిల్ 1875లో లండనున పుట్టి, పాఠశాలలో ఆటయందు తగిలిన దెబ్బచే ఒక పాదమును పోగొట్టుకొని, ఓడల నమూనాలు గీయు ఉద్యోగమున ప్రవేశించిన నిదానస్థుడు. ఆస్పత్రిలో నున్న మేనల్లుని నవ్వించుటకు గీసి పంపిన కార్డు 1904లో ఆతనికి వృత్తిని చూపెను. జీవితకాలమున సుమారు 12,000 చిత్రములు గీసెననియు, అవి 20 కోట్ల వరకు అమ్ముడుపోయెననియు అంచనా. కాని బొమ్మకింత యని ఒక్కసారి యిచ్చిన సొమ్మే తప్ప, అమ్మకములో వంతు ఎన్నడును లేదు. తన సరుకును తానే మెత్తన, మధ్యరకము, ఘాటు అని మూడుగా విభజించి, ఘాటైనదే యెక్కువ పోవునని చెప్పెడివాడు. కార్డుల దుకాణము ఎదురైనచో తన కుమార్తెలు ఆగక పరుగెత్తిపోవుదురని ఆతడే పరిహాసముగా చెప్పుకొనెను. యార్కుషైరునందలి హోమ్‌ఫర్త్‌లో బామ్‌ఫర్త్ వారిది ఆతనికి పోటీ సంస్థ. భక్తిగీతములకును మద్యపాన నిషేధబోధకును మాయాదీపపు పలకలు చేసిన ఆ సంస్థయే తరువాత తాగుబోతుల వేళాకోళమును కోట్లకొలది ముద్రించినది. వ్యాపారమునకు వైరుధ్యము తెలియదు.

మన బీహారునందలి మోతిహారిలో 1903లో జన్మించిన జార్జి ఆర్వెల్ 1941 సెప్టెంబరున, యుద్ధపు నడుమ, ‘హొరైజన్’ పత్రికలో ఈ కార్డులపై నొక వ్యాసము వ్రాసెను. మెగిల్ ఎవరో ఆతనికి గూడ తెలియలేదు! పెండ్లియనగా జీవితాంతపు బంధమనియు, కుటుంబము స్థిరమైనదనియు అందరును ఒప్పుకొనిన సమాజముననే ఈ పరిహాసములకు అర్థముండునని ఆతడు గ్రహించెను. గయ్యాళి భార్య, బక్కమగడు, కొత్తజంట: ఇవన్నియు నియమము నిలిచియున్నంత కాలమే నవ్వు పుట్టించును. ఈ విషయమున ఆర్వెల్‌ను మించి చెప్పినవారు నాకు కనబడలేదు.

ఇక చట్టము. 1857 నాటి అశ్లీల ప్రచురణల చట్టమునకు 1868లో హిక్లిన్ వ్యాజ్యమున న్యాయమూర్తులు చెప్పిన భాష్య మేమన, చెడుటకు అనువైన మనస్సు గలవారి చేతిలో పడినచో వారిని చెరచు స్వభావము గలదే అశ్లీలము. ఈ గీటురాయినే దొరలు మన దేశమునకును తెచ్చిరి. ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపగా 1910లో వావిళ్ళవారు ప్రకటించినప్పుడు, కొలది కాలమునకే దానిని నిషేధించినది ఈ వైఖరియే, మన సర్వోన్నత న్యాయస్థానము 1964లో గూడ దీనినే అనుసరించి, 2014లో గాని విడిచిపెట్టలేదు. రెండర్థముల వస్తువునెదుట ఈ గీటురాయి అక్కరకు రానేరదు. చెడుటకు అనువైన అమాయకునికి ఒక్క యర్థమే తోచును. రెండవది తోచినవా డప్పటికే అమాయకుడు కాడు. ఇక ఆ కార్డు చెరచున దెవరిని?

ఈ ప్రశ్న న్యాయాధిపతులకు తోచలేదు. 1951లో బ్లాక్‌పూలు పురపాలకులు కార్డుల పరీక్షకై సంఘమునే యేర్పరచిరి. ఒక ఊర నిషిద్ధమైనది ప్రక్క ఊర నిర్భయముగా అమ్ముడుపోయెడిది. 1954 జూలై 15వ తేదీన లింకను న్యాయస్థానము మెగిల్‌కు 50 పౌనుల జరిమానాయు, ఖర్చులక్రింద 25 పౌనులును విధించినది. కొన్ని కార్డులలో రెండవ యర్థము తాను ఉద్దేశింపలేదనియు, ఇతరులు చెప్పగా తరువాత తెలిసినదనియు ఆతడు తన సమాధానపత్రమున వ్రాసికొనెను. నేను నమ్మను, కాని నేనే ఆతని వకీలునైనచో అదే వ్రాయింతును. దానితో వర్తకులు బెదరి కొనుగోళ్ళు తగ్గించిరి. చిన్న ముద్రాపకులు దెబ్బతినిరి. 1957లో పార్లమెంటు సంఘము ఎదుట మెగిల్ సాక్ష్యమిచ్చెను. 1959లో చట్టము మారెను. 1962లో ఆతడు చనిపోవునప్పటికి మిగిలిన యాస్తి 735 పౌనులు.

చట్టము సడలిన పిమ్మట కార్డులు వర్ధిల్లవలసినది, క్షీణించినవి. జనము విమానములెక్కి స్పెయిను తీరములకు పోజొచ్చిరి. పత్రికలలోను తెరపైనను సమస్తమును బాహాటమగుటచే, 1970 ప్రాంతపు కార్డులు ఘాటు పెంచి పెంచి శ్లేషను వదలుకొనినవి. 1994 ఏప్రిలులో, బొమ్మకార్డుల శతవార్షికోత్సవ సందర్భమున, బ్రిటిషు తపాలాశాఖ ప్రకటించిన ఐదు తపాలాబిళ్ళలలో నొకటి ఆ బొజ్జ పరిహాసమునే స్మరించునది. వ్రాత మాత్రము నా చిన్నవా డెక్కడ అని మార్చిరి. 25 పెన్నీల ఆ బిళ్ళపై రాణిగారి శిరస్సు గూడ నుండవలసి వచ్చుటచేత కాబోలు.