అతికిన చర్మానికి కాపలా

సంగటి ఉడుకుతూంటే పొయ్యి దగ్గిర ఆడవద్దని పెద్దవాళ్లు ఎందుకు కేకలేస్తారో తెలుసునా? మదనపల్లె, పుంగనూరు పల్లెల్లో పిల్లలకు సంగటి సంగతి చెప్పనక్కరలేదు. ఉడికే సంగటి నీళ్లలాగా జారిపోదు, ఒంటికి అంటుకుని లోతుగా కాలుస్తుంది. కాలిన చోట పేడా, సిరా పూయకండి. వెంటనే 20 నిమిషాలు చన్నీళ్లు పొయ్యాలి. తరవాత ఆసుపత్రి!

పైపొర కాలితే చర్మం దానంతటదే వస్తుంది. లోతుగా కాలితే రాదు. అప్పుడు ప్లాస్టిక్ సర్జను కావాలి. (మన ప్లాస్టిక్ బిందెలకూ ఈయనకూ సంబంధం లేదు. గ్రీకు భాషలో ఆ మాటకు మలచటమని అర్థం.) తొడమీదినుంచి పల్చని చర్మం పొర తీసి, కాలిన చోట పరుస్తాడు.

ఇలాంటి విద్య మన దేశంలో పాతదే. కావస్జీ అనే బండివాడు ఇంగ్లీషు సైన్యంలో ఉండేవాడు. టిప్పు సుల్తాను మనుషులు అతన్ని పట్టుకుని ముక్కు కోశారు. పూనా వైద్యుడొకడు మైనంతో ముక్కు చేసి, దాన్ని నుదుటిమీద పరచి కొలత గీసి, ఆ మేరకు నుదుటి చర్మాన్ని కోసి కిందికి తిప్పాడు. పూర్తిగా తెంపలేదు సుమా! కనుబొమల మధ్య తొడిమలాగా కొంచెం ఉంచాడు. నెత్తురు అందాలి గదా! ఈ వార్త 1794లో లండను పత్రికలో పడింది.

ఇలా తిప్పి అతికించిన చర్మానికి నెత్తురు అందుతున్నదా లేదా అని ఈనాడు రాత్రింబవళ్లు కనిపెట్టేవారిలో ఫిజీషియన్ అసిస్టెంటు ఒకరు. 2021 నాటి చట్టంలో ఈ వృత్తికి ఫిజీషియన్ అసోసియేట్ అని పేరు. వీరు డాక్టరు కారు, నర్సూ కారు. సర్జను ఆజమాయిషీలో పనిచేస్తారు. ఆపరేషనులో చర్మాన్ని బిగువుగా పట్టుకుంటారు, కుట్ల దారం కత్తిరిస్తారు. అసలు కష్టం తరవాత ఉంది.

వేలితో మెల్లిగా నొక్కి వదులుతారు. తెల్లబడిన చోటికి రెండు మూడు లెక్కపెట్టేలోగా రంగు తిరిగి రావాలి. మనలాంటి చామనచాయ ఒంటిమీద ఆ రంగు పట్టుకోవటం సులువు కాదు. అందుకని తాకి, వెచ్చదనం కూడా చూస్తారు. చల్లగా, పాలిపోయి ఉంటే నెత్తురు రావటం లేదన్నమాట. నీలంగా ఉబ్బితే, వచ్చిన నెత్తురు వెనక్కు పోవటం లేదన్నమాట. అర్ధరాత్రయినా సరే, సర్జనును లేపవలసిందే. కొన్ని గంటలు ఆగితే ఆ చర్మం చచ్చిపోతుంది!

కుప్పం పిల్లవాడు రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరు ఆసుపత్రికి వెళ్లాడనుకోండి. వాడి చేతికి తొడచర్మం వేస్తే, ఐదోరోజు ప్రాంతంలో కట్టు విప్పుతారు. అడుగున నీరు చేరిందా, అతుకు పట్టిందా అని చూస్తారు. అతికిన చర్మం నెలల తరబడి ముడుచుకుంటూనే ఉంటుంది. అందుకని ఇంటికి పోయాక కూడా రాత్రిళ్లు చేతికి బద్ద కట్టుకోవాలి, పగలు వేళ్లు ముడిచి చాచాలి. నొప్పి అని వాడు ఏడుస్తాడు. అసిస్టెంటు మాత్రం ఇంకొక్కసారి అంటూనే ఉంటారు.