అడగకుండా కలిసే ఫోను - ఆపడం ఎలా?



మన బొంగులూరు గేటు దగ్గర కూరగాయలు అమ్మే ఒక అక్కను తలచుకుందాం. పొద్దున్నే గంప దించింది. పట్నం పోయే ఒకాయన కారు ఆపాడు. టమాటాలు, బెండకాయలు కలిపి 180 రూపాయలు అయ్యాయి. ఆయన స్కానర్ అట్ట మీద ఫోను పెట్టి పైసలు పంపాడు. "పోయినయి అమ్మా" అన్నాడు. అక్క తన ఫోను చూసింది. అందులో ఏమీ పడలేదు. చక్రం తిరుగుతూనే ఉంది. ఆయన తొందర పడుతున్నాడు. వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. నమ్మి పంపాలా? ఆపి అడగాలా?

ఆయన అబద్ధం చెప్పలేదు. పైసలు అక్క ఖాతాలో పడ్డాయి. చిక్కు వేరే చోట ఉంది. పక్కనే టీ హోటల్ ఉంది. అందులో వైఫై ఉంది. ఎప్పుడో ఒకనాడు అక్క కొడుకు ఆ వైఫైని అమ్మ ఫోనుకు కలిపాడు. అప్పటి నుంచి ఆ హోటల్ ముందుకు వస్తే చాలు, ఫోను దానితో కలిసిపోతోంది. ఆ రోజు హోటల్ వాళ్లకు ఇంటర్నెట్ రావడం లేదు. వైఫై పెట్టె మాత్రం వెలుగుతోంది. అక్క ఫోను ఎండిన బావిలో చేద వేసి కూర్చుంది.

ఇలా మన ఫోను మనను అడగకుండా ఎందుకు కలుస్తుంది? దాన్ని ఎలా ఆపాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

వైఫై అంటే ఏమిటి?

ఫోనుకు ఇంటర్నెట్ రెండు దారుల్లో వస్తుంది.

ఒకటి టవర్ దారి. దీనికి మనం రీచార్జి చేయిస్తాం. దీన్ని మొబైల్ డేటా అంటారు.

రెండోది వైఫై దారి. ఇంట్లోనో, దుకాణంలోనో ఒక చిన్న పెట్టె ఉంటుంది. చాలా పెట్టెలకు కొమ్ముల్లాంటివి ఉంటాయి. బయటి నుంచి తీగ ద్వారా ఇంటర్నెట్ ఆ పెట్టెకు వస్తుంది. పెట్టె నుంచి ఫోనుకు తీగ ఉండదు. రేడియో తరంగాలు ఉంటాయి. మనం రేడియోలో పాటలు వినేది కూడా ఇలాంటి తరంగాలతోనే. అయితే వైఫై తరంగాలు ఎక్కువ దూరం పోవు. ఇంటి లోపల 20, 30 మీటర్లు పోతే గొప్ప. గోడలు అడ్డు వస్తే ఇంకా తగ్గుతాయి.

వైఫై అనే పేరు 1999లో వచ్చింది. మన దేశంలో 2005లో ప్రభుత్వం ఈ తరంగాలు వాడడానికి లైసెన్సు అక్కర లేదని చెప్పింది. అందుకే ఈ రోజు టీ హోటల్ వాళ్లు, ఆసుపత్రి వాళ్లు, బట్టల షాపు వాళ్లు ఎవరైనా ఈ పెట్టె పెట్టుకోవచ్చు. 2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పీఎం-వాణి అనే పథకం తెచ్చింది. వెనకట రోడ్ల మీద ఎస్టీడీ బూత్‌లు ఉండేవి కదా! అలాగే కిరాణా దుకాణం వాళ్లు కూడా జనానికి వైఫై ఇవ్వవచ్చు అని ఆ పథకం చెబుతుంది. పెద్ద రైల్వే స్టేషన్లలో కూడా వైఫై ఉంది.

అంటే మనం బస్సెక్కి ఎల్.బి.నగర్ పోయి వచ్చేసరికి దారిలో ఎన్నో వైఫైలు మన ఫోనుకు తగులుతాయి.

ఫోను తనంతట తాను ఎందుకు కలుస్తుంది?

ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసేవాళ్లు, గుర్తుందా? వైఫై పెట్టె కూడా అలాంటిదే. "నేను ఫలానా, నేను ఫలానా" అని తన పేరు చాటుతూనే ఉంటుంది. సెకనుకు సుమారు పది సార్లు చాటుతుంది. మన చెవికి అది వినపడదు. ఫోనుకు వినపడుతుంది.

మనం ఒక వైఫైతో ఒక్కసారి కలిస్తే ఫోను రెండు సంగతులు రాసి పెట్టుకుంటుంది. ఒకటి ఆ వైఫై పేరు. రెండోది దాని తాళం మాట, అంటే పాస్‌వర్డ్. మళ్లీ ఎప్పుడు ఆ పేరు వినపడినా "ఇది మనకు తెలిసినదే" అనుకుంటుంది. మనను అడగకుండా కలుస్తుంది. ఇది చెడిపోయిన ఫోను లక్షణం కాదు. కొత్త ఫోను కూడా ఇలాగే చేస్తుంది. ఇంట్లో మాటిమాటికీ తాళం మాట కొట్టే పని లేకుండా ఇలా తయారు చేశారు.

కానీ ఇందులో ఒక లోపం ఉంది. ఫోనుకు పేరు తెలుసు. ఆ పేరు వెనక ఉన్న మనిషి తెలియదు. తాళం ఉన్న వైఫై అయితే కొంత నయం. వేరేవాడు అదే పేరు పెట్టుకున్నా వాడికి తాళం మాట తెలియదు కాబట్టి ఫోను కలవదు. తాళం లేని వైఫై సంగతి అలా కాదు. అదే పేరుతో ఇంకెవడు ఇంకో పెట్టె పెట్టినా మన ఫోను నమ్ముతుంది. అందుకే తాళం లేని వైఫైల పేర్లు ఫోనులో ఉంచుకోవద్దు.

దీని వల్ల వచ్చే నష్టాలు

ఒకటి: పని ఆగిపోతుంది. వైఫై కలిసి ఉన్నా ఇంటర్నెట్ రాకపోవచ్చు. పైసలు వచ్చాయో లేదో తెలియదు. సంఘం గ్రూపులో పెట్టిన కబురు అందదు. మన డేటా ఉండి కూడా లేనట్టే.

రెండు: దొంగ పేజీలు రావచ్చు. కొన్ని వైఫైలు కలవగానే ఒక పేజీ తెరుచుకుంటుంది. ఫోను నంబరు అడుగుతుంది. ఓటీపీ అడుగుతుంది. రైల్వే స్టేషన్ వైఫై కూడా ఇలాగే అడుగుతుంది. అది మామూలే. కానీ ఆ పేజీ బ్యాంకు ఖాతా నంబరు అడిగితే, ఏటీఎం కార్డు నంబరు అడిగితే, యూపీఐ పిన్ అడిగితే అది మోసం. వైఫై ఇవ్వడానికి వాటితో పని లేదు.

మూడు: ఎప్పుడూ వైఫై వెతుకుతూ ఉంటే ఫోను చార్జింగ్ కూడా కొంత పోతుంది.

ఇక్కడ ఒక మాట. వైఫై కలవగానే ఖాతాలో పైసలు మాయం కావు. బ్యాంకు యాప్‌లు తమ మాటలను తాళం వేసే పంపుతాయి. మనను ఏమార్చి పిన్, ఓటీపీ చెప్పించుకున్నప్పుడే ఎక్కువగా పైసలు పోతాయి. కాబట్టి భయం వద్దు. జాగ్రత్త చాలు.

ఆపడం ఎలా?

ముందు ఒక పని చేయండి. ఫోను సెట్టింగ్స్‌లో భాషల పేజీ ఉంటుంది. అందులో తెలుగు పెట్టుకోండి. అప్పుడు మాటలు చాలావరకు తెలుగు అక్షరాల్లో కనపడతాయి. మనం చదువుకున్న అక్షరాలే. ఒకరిని అడిగే పని ఉండదు. ఫోను కంపెనీని బట్టి మాటలు కొంచెం మారతాయి. అర్థం ఒకటే.

1. వెంటనే ఆపాలంటే: ఫోను పైనుంచి కిందికి వేలితో జరపండి. విసనకర్ర లాంటి గుర్తు కనపడుతుంది. అదే వైఫై. దాని పక్కన ఒక నిలువు గీత, కింద చుక్క ఉంటే ఇంటర్నెట్ రావడం లేదని గుర్తు. ఆ విసనకర్రను నొక్కి ఆపండి. కొన్ని ఫోన్లలో నొక్కగానే ఒక పేజీ వస్తుంది. అందులో వైఫై మీటను ఆపండి. మొబైల్ డేటా వేసి ఉందో లేదో చూడండి. కూరగాయల అక్క చేయాల్సిన మొదటి పని ఇదే. తర్వాత పైసల యాప్ తెరిచి, వచ్చిన పైసల లెక్క చూసుకోవాలి. కొన్నవారి ఫోను చూసి నమ్మే పని ఉండదు.

2. ఆ పేరును తీసేయాలంటే: సెట్టింగ్స్‌లో వైఫై పేజీ తెరవండి. "సేవ్ చేసిన నెట్‌వర్క్‌లు" అనే మాట వెతకండి. ఫోను ఇన్నాళ్లూ గుర్తు పెట్టుకున్న పేర్లన్నీ అక్కడ ఉంటాయి. ఒక్కొక్కటి చదవండి. అక్కర లేని పేరు మీద నొక్కండి. "మర్చిపో" అనో, "విస్మరించు" అనో, "ఫర్గెట్" అనో ఉంటుంది. అది నొక్కితే ఫోను ఆ పేరును మరిచిపోతుంది. తాళం లేని వైఫైలను మొదట తీసేయండి.

3. పేరు ఉండాలి, తనంతట కలవద్దు అంటే: చుట్టాల ఇంటి వైఫై ఉంది అనుకోండి. అప్పుడప్పుడు కావాలి. అలాంటి పేరు మీద నొక్కి "ఆటోమేటిక్‌గా కనెక్ట్ చేయి" అనే మీటను ఆపండి. తాళం మాట ఫోనులోనే ఉంటుంది. మనం నొక్కితేనే కలుస్తుంది. మర్చిపో నొక్కితే మాత్రం మళ్లీ తాళం మాట అడగాల్సి వస్తుంది. ఈ తేడా గుర్తుంచుకోండి.

4. ఆపినా వైఫై మళ్లీ వేసుకుంటే: చాలా ఫోన్లలో "వైఫైని ఆటోమేటిక్‌గా ఆన్ చేయి" అని ఇంకో మీట ఉంటుంది. తెలిసిన వైఫై దగ్గరికి రాగానే ఫోను దానంతట అదే వైఫై వేసుకుంటుంది. వైఫై పేజీలో కిందికి పోతే "నెట్‌వర్క్ ప్రాధాన్యతలు" అనో, "అధునాతన" అనో ఉంటుంది. అందులో ఆ మీట ఆపండి. ఐఫోన్‌లో అయితే పైనుంచి జరిపి ఆపిన వైఫై మరునాడు పొద్దున 5 గంటలకు మళ్లీ పని మొదలు పెడుతుంది. పూర్తిగా ఆగాలంటే సెట్టింగ్స్‌లోకి పోయి ఆపాలి.

5. ఏం చేసినా ఆగకపోతే: సెట్టింగ్స్‌లో రీసెట్ పేజీ ఉంటుంది. అందులో వైఫై, మొబైల్, బ్లూటూత్ రీసెట్ అనేది ఒకటి. అది నొక్కితే గుర్తున్న వైఫైలన్నీ పోతాయి. ఫొటోలు, ఫోను నంబర్లు పోవు. కానీ జాగ్రత్త! అదే పేజీలో "మొత్తం డేటాను తుడిచివేయి" అనేది కూడా ఉంటుంది. అది నొక్కితే పిల్లల ఫొటోలతో సహా అన్నీ పోతాయి. నొక్కే ముందు పూర్తిగా చదవండి. రెండుసార్లు చదవండి.

బ్లూటూత్ సంగతి

వైఫై లాంటిదే బ్లూటూత్. ఇది చాలా ఫోన్లలో సుమారు 10 మీటర్ల దాకా పని చేస్తుంది. చెవిలో పెట్టుకునే ఇయర్ ఫోన్లు, పాటల పెట్టెలు దీనితో కలుస్తాయి. ఒక్కసారి జత కడితే ఫోను దీన్ని కూడా గుర్తు పెట్టుకుంటుంది. పెళ్లిలో పాటల పెట్టెకు మీ ఫోను కలిపారు అనుకోండి. మరోసారి ఆ ఇంటికి పోతే, మీకు వచ్చిన కాల్ ఆ పెట్టెలో అందరికీ వినపడవచ్చు! బ్లూటూత్ పేజీలో ఆ పేరు పక్కన గుర్తు నొక్కి మర్చిపో అనండి. పని లేనప్పుడు బ్లూటూత్ ఆపండి.

పాత ఫోను, కొత్త ఫోను

కొత్త ఫోను కొంటే పాత ఫోనులోని వైఫై పేర్లు దానిలోకి వచ్చే వీలుంది. గూగుల్ ఖాతా ద్వారా అవి వస్తాయి. "కొత్త ఫోనుకు ఈ పేర్లు ఎట్ల తెలిసినయి?" అని కంగారు పడవద్దు. అక్కర లేనివి తీసేయండి. ఇంకొకరి ఫోను మనకు వస్తే వాళ్ల పేర్లు కూడా ఉండవచ్చు. అవీ చూడండి.

పైసలు పోతే?

ఎవరికైనా పిన్, ఓటీపీ చెప్పి పైసలు పోతే సిగ్గు పడి కూర్చోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఇది దేశమంతటికీ ఒకటే నంబరు. బ్యాంకుకు కూడా చెప్పండి. ఎంత త్వరగా చెబితే పైసలు ఆపే వీలు అంత ఎక్కువ. పైసలు మనకు రావాలంటే పిన్ కొట్టే పని లేదు. పైసలు పంపేటప్పుడే పిన్ కొట్టాలి. ఓటీపీ వస్తే ఆ మెసేజి మొత్తం చదవండి. అది ఎందుకు వచ్చిందో సాధారణంగా అందులోనే రాసి ఉంటుంది. అంకెలు ఒక్కటే చూసి చెప్పేవాళ్లను మోసం చేయడం సులువు. మాటలు కూడా చదివేవాళ్లను మోసం చేయడం కష్టం.

ఇంటికి ఎవరు రావాలో మనం చెబుతాం. ఫోనులో ఎవరి పేరు ఉండాలో కూడా మనమే చెప్పాలి. కొడుకు చెప్పినా, దుకాణం అబ్బాయి చెప్పినా చదవకుండా నొక్కవద్దు.

నేర్చుకున్న మాటలు

వైఫై - మొబైల్ డేటా - బ్లూటూత్ - పాస్‌వర్డ్ - సెట్టింగ్స్ - మర్చిపో

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఫోనులో ఎన్ని వైఫైల పేర్లు ఉన్నాయి? చదివి లెక్క పెట్టండి.
2. వాటిలో మీరు కలిపినవి ఎన్ని? వేరేవాళ్లు కలిపినవి ఎన్ని?
3. తాళం లేని వైఫైని ఎందుకు తీసేయాలి?
4. వైఫై పేజీ ఏటీఎం కార్డు నంబరు అడిగితే ఏం చేస్తారు?
5. ఈ పాఠం చదవని ఒక అక్కకు "మర్చిపో" ఎక్కడ ఉందో చూపించండి. ఆమె వేలితోనే నొక్కించండి.