కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించే రంధ్రయుత ఘన పదార్థాలు: ఎంపికలో గమనించవలసిన అంశాలు

వాయు మిశ్రమం నుండి కార్బన్ డయాక్సైడ్‌ను వేరు చేయడానికి పరిశ్రమలలో చిరకాలంగా అమీన్ ద్రావణాలను వాడుతున్నారు. వాయువు ద్రావణం అంతటా కలిసిపోవడం శోషణం. ఘన పదార్థపు ఉపరితలం మీద మాత్రమే అది నిలవడం అధిశోషణం. ద్రావణాన్ని పునరుద్ధరించడానికి అందులోని నీటిని కూడా సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేయవలసి వస్తుంది. ఈ శక్తి వ్యయాన్ని తగ్గించాలన్న ఉద్దేశంతోనే ఘన అధిశోషకాలపై పరిశోధన విస్తరించింది.

అధిశోషకాల సామర్థ్యానికి మూలం వాటిలోని సూక్ష్మరంధ్రాలు. మేలైన ఉత్తేజిత బొగ్గు ఒక గ్రాములో 1,000 చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉంటుంది. లోహ–సేంద్రియ చట్రాలలో కొన్నింటికి ఇంతకంటే ఎన్నో రెట్లు అధికం. ఈ చట్రాలను అభివృద్ధి చేసిన సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు 2025లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

పట్టు, విడుదల

ఉపరితల వైశాల్యం ఒక్కటే ప్రమాణం కాదు. వాయువును ఎంత బలంగా పట్టి ఉంచితే దానిని విడిపించడానికి అంత శక్తి కావాలి. ఉత్తేజిత బొగ్గు, జియోలైట్లు బలహీనమైన భౌతిక ఆకర్షణతో పట్టుకుంటాయి కనుక పీడనం తగ్గించినా, కొద్దిగా వేడి చేసినా వదులుతాయి. రంధ్రాలలో అమీన్లను నింపిన సిలికా రసాయన బంధంతో పట్టుకుంటుంది. దాని పునరుద్ధరణకు సాధారణంగా 80–100 డిగ్రీల వేడి అవసరం.

తేమ రెండవ పరీక్ష. 13ఎక్స్ జియోలైట్ కిలోగ్రాము, 25 డిగ్రీల వద్ద, వాతావరణ పీడనంలో, పొడిగా ఉన్న శుద్ధ వాయువు నుండి సుమారు 200 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహిస్తుంది. నీటి ఆవిరి ఉంటే మాత్రం ముందుగా నీటినే పట్టుకుంటుంది. సామర్థ్యం బాగా పడిపోతుంది. అమీన్ పదార్థాలకు తేమ అంతగా అవరోధం కాదు. అయితే వేడి, ఆక్సిజన్‌ల వలన అవి క్రమంగా క్షీణిస్తాయి.

మూడవది గాఢత. బొగ్గు విద్యుత్ కేంద్రపు పొగలో కార్బన్ డయాక్సైడ్ 12–15 శాతం. బయటి గాలిలో 0.04 శాతమే. ఒక టన్ను వాయువు కొరకు పొగ అయితే సుమారు 4 వేల ఘనమీటర్లు, గాలి అయితే సుమారు 13 లక్షల ఘనమీటర్లు శుద్ధి చేయాలి. అందుచేత పొగకు తగిన పదార్థం గాలికి తగినది కాకపోవచ్చు.

వ్యవసాయంతో సంబంధం

స్విట్జర్లాండ్‌లోని హిన్విల్‌లో 2017లో ప్రారంభమైన కర్మాగారం అమీన్ అధిశోషకంతో గాలి నుండి కార్బన్ డయాక్సైడ్‌ను సేకరించి, సమీపంలోని కూరగాయల హరితగృహానికి అందించింది. పునరుద్ధరణకు కావలసిన వేడి పక్కనే ఉన్న చెత్త దహన కేంద్రం నుండి లభించింది. హరితగృహంలో గాఢతను 800–1,000 పీపీఎంకు పెంచితే టమాట, దోస వంటి సీ3 పంటలలో కిరణజన్య సంయోగక్రియ పెరుగుతుంది. గాలి గవాక్షాలు తెరిచి ఉంచవలసిన మన పాలీహౌస్‌లలో ఈ వాయువు బయటికి పోతుంది కనుక అదే ప్రయోజనాన్ని ఆశించరాదు.

పంట వ్యర్థాలు ముడిసరుకుగా ఉపయోగపడగలవు. కొబ్బరి చిప్పల నుండి ఉత్తేజిత బొగ్గును, వరి ఊక బూడిద నుండి సిలికాను తయారు చేయవచ్చు. విస్తరణ శాస్త్రవేత్తలు ఇక్కడ ఒక భేదాన్ని రైతులకు స్పష్టం చేయాలి. బయోచార్‌ను నేలలో కలిపినప్పుడు నిలిచేది ఆ బొగ్గులోని కర్బనమే గాని, దాని రంధ్రాలు పట్టుకున్న వాయువు కాదు. అధిశోషించిన వాయువు పరిస్థితులు మారగానే విడుదలవుతుంది. హరితగృహంలో పంట గ్రహించినది కూడా చాలావరకు తిరిగి వాతావరణంలోనికే చేరుతుంది. భూగర్భంలో నిల్వ చేయడం వంటి శాశ్వత ఏర్పాటు ఉన్నప్పుడే దానిని తొలగింపుగా లెక్కించాలి.

కాబట్టి వ్యర్థాల నుండి కొత్త అధిశోషకాన్ని తయారు చేసే విద్యార్థులు పొడి వాయువులో ఒక్కసారి కొలిచిన సామర్థ్యంతో సరిపెట్టుకోరాదు. తేమ గల వాయువులో, తగిన గాఢత వద్ద, అనేక ఆవృత్తుల తరువాత మిగిలిన సామర్థ్యాన్నీ, ప్రతి ఆవృత్తికి వ్యయమైన శక్తినీ కలిపి నివేదించినప్పుడే ఆ పదార్థం విలువ తేలుతుంది.