పద్యనాటకము – అభిమాన నటుని గూర్చిన వాదము

సంక్రాంతి దాటినది మొదలు మా చోడవరము చుట్టుప్రక్కల పల్లెలలో తీర్థముల సందడి యారంభమగును. చెఱకు గానుగలాడు దినములును, తీర్థముల దినములును ఇంచుమించు ఒక్కటే. బెల్లపు సొమ్ము చేతికి వచ్చినప్పుడే నాటకమునకు చందా వ్రాయుదురు. చందా వ్రాసిన రాత్రియే తగవును పుట్టును. ఏ నాటకము ఆడింపవలెనను విషయమున భేదము తక్కువ. పాండవోద్యోగ విజయములో, సత్యహరిశ్చంద్రీయమో, రెండింటిలో నొకటి. తగవంతయు నటుని గూర్చియే. మనకు నచ్చిన ఫలానా నటుని ఈ యేడు కృష్ణవేషమునకు పిలువవలెనని కొందఱందురు. ఆయన మాటలలో దిట్ట, సాంఘిక నాటకములలో సాటిలేనివాడు, పద్యమునకు వచ్చి యున్న పేరు పోగొట్టుకొననేల యని అడ్డు తగులువారు ఆయనను అంతకంటె నెక్కువగా అభిమానించువారే. పాడలేనివాడు కృష్ణుడెట్లగునని మూడవ పక్షమువారు.

ఈ వాదమును నేను చిన్ననాటినుండి వినుచున్నాను. దీనిని పనిలేనివారి మాటలని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. గ్రామము ఎవరిని పిలుచునో, పిలిచి యేమి కోరునో, దానినిబట్టియే నటుడు తన విద్యను మలచుకొనును. కావున ఈ వాదము ఎక్కడ పుట్టినదో, దానిలో పస యెంతయో కొంచెము విచారింతము.

పాట నాటకములోనికి వచ్చిన విధము మొదట చెప్పవలెను. 1880లో పూనాయందు అణ్ణాసాహెబు కిర్లోస్కరు మరాఠీ శాకుంతలమును సంగీతనాటకముగా ఆడించెను. ఆ దశకముననే ధార్వాడ నాటకసమాజములు తెలుగుదేశమున ఊరూర తిరిగినవి. నేడు కర్ణాటకములో నున్న బళ్లారియందు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) సరసవినోదినీ సభను స్థాపించి, చిత్రనళీయము మొదలగు నాటకములు వ్రాసి ప్రదర్శించిరి. తెలుగు నాటకమున పాటకు పీట వేసినవారిలో ఆయన మొదటివారు. ప్రజలు ఆయనను ఆంధ్రనాటక పితామహుడని కొనియాడిరి.

ఆ పితామహుని మేనల్లుడే బళ్లారి రాఘవ (1880–1946). వృత్తిచేత న్యాయవాది. కొలాచలము శ్రీనివాసరావుగారి రామరాజు నాటకములో పఠాను వేషము వేసి పేరుగాంచినవాడు. మేనమామ పీట వేసి కూర్చుండబెట్టిన పాటను ఈ మేనల్లుడు లెమ్మనెను. పాత్ర దుఃఖించునపుడు నటుడు శ్రుతి చూచుకొనుచు కూర్చున్నచో ఆ దుఃఖము ఎవరిదని ఆయన ప్రశ్న. మాట, చూపు, మౌనము, వీనితోనే పాత్రను నిలుపవచ్చునని ఆయన పట్టుదల. 1930 ప్రాంతమున, తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తియైన రాజమన్నారుగారు వ్రాసిన తప్పెవరిది యను నాటకమున కొమ్మూరి పద్మావతీదేవితో కలిసి నటించి, సాంఘిక వచననాటకమునకును, స్త్రీపాత్రను స్త్రీయే ధరించుటకును ఒకేమాఱు దారి తీసెను. ఒక్క యింటిలోనే మామ ఒక పక్షము, అల్లుడు ఒక పక్షము. మన చావడిలోని తగవు నిజమునకు ఆ యింటి తగవే.

అయితే వచనమునకు మనము బళ్లారి దాక పోనక్కఱలేదు. గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టినది ఎలమంచిలి దగ్గఱి సర్వసిద్ధి రాయవరమున. నాటి విశాఖపట్టణ మండలములోని ఆ యూరును, మా చోడవరమును 2022 నుండి అనకాపల్లి జిల్లాలో నున్నవి. ఆయన కన్యాశుల్కమును 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు ప్రదర్శించిరి. 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరుగవ్రాయబడిన ఆ నాటకమున కథ నడచునది మాటలమీదనే. అందుచేత మన ప్రాంతమువారికి వచననాటకము పరాయిది కాదు. పద్యమునకు చెవి కోసికొనువారును మనమే, గిరీశము మాటలకు పొట్టచెక్కలగునట్లు నవ్వినవారును మనమే. వాదము ఇక్కడ మఱింత ముదురుటకు అదియే కారణమని నా యూహ.

ఇక పద్యమునకు అంత రాగము ఏల పట్టెను? మైకు లేని కాలమును తలచుకొనుడు. పందిరి క్రింద వేయిమంది, పందిరి వెలుపల మఱి వేయిమంది. మాటలాడు గొంతు ఎంత గట్టిదైనను పది వరుసలు దాటునప్పటికి హల్లులు రాలిపోవును. పాడు గొంతు అట్లు కాదు. అచ్చును సాగదీసి పైస్థాయిని నిలిపినచో గాలివాలున చాల దూరము పోవును. పైగా ఆ పద్యములు జనులకు కంఠస్థములు. సగము వినబడినను తక్కిన సగము వినువాడే పూరించుకొనును. కనుక నాడు రాగము తీయుట విలాసము కాదు, వినిపించుటకు సాధనము. హార్మోనియము ఆ గొంతునకు ఊతకఱ్ఱ. మైకు వచ్చిన పిదప ఆ యవసరము తీరినది; అలవాటు మాత్రము తీరలేదు సరికదా, పెరిగినది.

పెంచినవారము మనమే. వన్సుమోరు అను మాట ఇంగ్లీషుదని తెలియని ముసలమ్మ కూడ మా తీర్థములలో దానిని అఱవగలదు. ఒక రాత్రి నాటకములో ముప్పది పద్యములకు వన్సుమోరు పడినదనుకొనుడు. రాగముతో ఒక్కొక్కటి నాలుగు నిమిషములు. అనగా రెండు గంటలసేపు కొత్తమాట యొక్కటియు లేకయే తెల్లవాఱుచున్నదన్నమాట. కోత పడునది ఎక్కడ? చివరి రంగములలో. పడక సీనును రెండుమాఱులు విన్న యూరు యుద్ధమును సగమే చూచి యింటికి పోవును.

దీనికి తోడు ఒకే రాత్రి ఇద్దఱు ముగ్గురు కృష్ణులు. పడక సీనుకొకరు, రాయబారమునకొకరు. కాంట్రాక్టు నాటకములవారు కనిపెట్టిన ఈ పద్ధతి అభిమానులకు పండుగ, పాత్రకు మాత్రము శిక్ష. గొంతునకు గొంతును పోటీ పెట్టి చూచుటయే గాని, ఉదయము అర్జునుని పలుకరించిన కృష్ణుడే సాయంకాలము కౌరవసభకు పోయెనను నమ్మకము ఎవరికిని కలుగదు.

పద్యముమీద మోజు ఎంతదనగా, కవి వ్రాయని పద్యములు కూడ నాటకములోనికి వచ్చి కూర్చుండును. బలిజేపల్లివారి హరిశ్చంద్రలో కాటి సీను వచ్చినప్పుడు జాషువాగారి శ్మశానవాటి పద్యములు పాడుట ఆనవాయితీ యైనది. అవి విడిగా వ్రాయబడిన ఖండికలోనివి. అయినను చక్కగా అతికినవి. ఇట్టి అతుకులను నేను తప్పుపట్టను. కాటిలో నిలిచినవాడు పలుకదగిన మాటలే అవి. డి. వి. సుబ్బారావుగారు హరిశ్చంద్రుడై కాటి సీనుననే పేరు సంపాదించిరి.

గ్రామఫోను వచ్చి ఇంకొక చిక్కు తెచ్చెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ రికార్డు ఒక ప్రక్క ఇంచుమించు మూడు నిమిషములే పట్టును. రాయబారపు పద్యములు, హరిశ్చంద్ర పద్యములు ఆ కొలతకు కుదించి పాడిరి. విన్నవారు ఆ రాగమే, ఆ విఱుపే అసలైనదనుకొనిరి. పిమ్మట రంగముమీద ఏ నటుడు మఱొక తీరున పాడినను, రికార్డులో ఇట్లు లేదని గొణుగుట మొదలైనది. రేడియో దీనికి విరుద్ధమైన మేలొకటి చేసెను. 1940 మొదలు మూడు దశాబ్దములు ఆకాశవాణిలో హార్మోనియమునకు ప్రవేశము లేకపోయెను. సంగీతజ్ఞులలో దీనిపై చాల రగడ జరిగినది గాని, పద్యము పాడవచ్చిన నటునకు ఊతకఱ్ఱ లేక నడువవలసివచ్చెను. ఊతకఱ్ఱ లేనపుడు మాట బయటపడును.

ఇంతకును పాటయే శత్రువా? కాదు. స్థానము నరసింహారావుగారిని (1902–1971) చూడుడు. శ్రీకృష్ణ తులాభారమున ఆయన సత్యభామ. ఒకే పల్లవిని పలుమాఱులు తిప్పి, తిప్పినప్పుడెల్ల ఒక క్రొత్త భావమును చూపుటకు ప్రసిద్ధుడు. అక్కడ పాటయే నటనము. ఇక మన ఉత్తరాంధ్రవారికి కన్నబిడ్డవంటివాడు పీసపాటి నరసింహమూర్తిగారు (1920–2007). బొబ్బిలి ప్రాంతమున పుట్టి, కృష్ణవేషమునకే పుట్టినాడనిపించుకొన్నవాడు. నేను విన్నంతలో ఆయన పద్యమున రాగము మాటను మ్రింగదు. దుర్యోధనునకు చెప్పవలసిన హెచ్చరిక దుర్యోధనునకే చెప్పినట్లుండును, మనకు వినిపించినట్లుండదు. రాఘవ పద్యమును రాగముతో పాడక పోరాడెను. వీరు పాడుచునే ఆ పోరాటమును గెలిచిరని నాకు తోచును.

వచననటుడు పద్యమునకు రావచ్చునా యను ప్రశ్నకు సినిమా ఒక వింత చిక్కు కలిపినది. విజయనగరపు రంగముమీద కన్యాశుల్కములో రామప్పపంతులుగా పేరుపడిన జె. వి. సోమయాజులుగారు 1980లో శంకరాభరణమున శంకరశాస్త్రియై దేశమంతట మ్రోగిరి. తెరమీద పాడిన గొంతు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారిది. ఒకరి ముఖము, ఒకరి గొంతు. రెండును కలిసి మూడవ మనుష్యుని పుట్టించినవి. ఆ మూడవ మనుష్యుని మన తీర్థమునకు పిలుచుట సాధ్యముకాదు. తొలి తెలుగు టాకీలలో అట్లు కాదు, నటించువాడే పాడవలెను. అందుచేతనే 1932లో వచ్చిన భక్తప్రహ్లాద మొదలు నిర్మాతలు నాటకపు నటులకొఱకు వెదకిరి. నేపథ్యగానము వచ్చి ఈ ముడి విప్పినది. నాటకరంగమున ఆ ముడి నేటికిని విడలేదు. అక్కడ గొంతును అరువు తెచ్చుకొన వీలులేదు.

అడ్డు తగులు అభిమానుల భయము ఇక్కడ నాకు అర్థమగును. గొంతునకు వయసున్నది. మరాఠీవారి బాలగంధర్వుడు (1888–1967) వయసు మీఱిన పిదపను స్త్రీపాత్రలు ధరించుచుండెను. జనులు కన్నులు మూసికొని పాట వినుటకే వచ్చిరి. ఆ గొంతును వన్సుమోరులతో అరగదీసినవారును ఆ జనులే. గొంతే సర్వస్వమని నమ్మిన నటుని గొంతు పోయిన నాడు అతనికి మిగులునదేమి? మాటలాడుట ఎరిగినవానికి ముసలితనమున ధృతరాష్ట్రుని వేషమైన మిగులును.

అయినను ఆ నటుని రానీయవలదను మాటను నేనొప్పుకొనను. కొన్నేండ్ల క్రిందట మా ప్రాంతపు తీర్థమొకదానిలో రాయబారమాడుచుండిరి. కర్ణునితో ఏకాంతముగా మాటలాడు చోట కృష్ణపాత్రధారి పద్యమును ఆలాపన లేక, ప్రక్కవానితో చెప్పినట్లు నెమ్మదిగా చదివి, చివరి పాదమును మాత్రము సన్నని రాగమున నిలిపెను. ముందు వరుసలోని కుఱ్ఱవాండ్రు ఈలలు వేసిరి. హార్మోనియపు ఆయన తడబడి రెండు మెట్లు నొక్కి ఊరకుండెను. నా ప్రక్కను కూర్చున్న వృద్ధుడొకడు, జీవితమంతయు రాయబారము చూచినవాడు, "కర్ణునికి తల్లి పేరు చెప్పినాడురా, అదెవరైనా అఱచి చెప్పుదురా?" అని ఈలలు వేయువారిని కసరెను. ఆ పద్యమునకు వన్సుమోరు పడలేదు. ఆ రాత్రి నాకు జ్ఞాపకమున్న పద్యము అదొక్కటే.

కావున తగవు నటుడు రావలెనా వలదా యను దానిమీద గాక, వచ్చిన నటుని మనమేమి కోరుదుమను దానిమీద జరుగవలెను. వచనమున దిట్టయైనవానిని కృష్ణవేషమునకు పిలుచువారు మఱొకరి రికార్డును ఆయన గొంతులో వెదకరాదు. శ్రుతి ఆయనకు అందునంత తగ్గించుమని హార్మోనియపు ఆయనకు ముందే చెప్పవలెను. రాత్రియంతయు కృష్ణుడొక్కడే యుండునట్లు మాటలాడుకొనవలెను. కాంట్రాక్టు కాగితమున సొమ్ము, బండి ఖర్చు, భోజనము వ్రాయుదురు గదా. రాయబారమందు వన్సుమోరు లేదని ఒక పంక్తి చేర్చి, ఆ మాటను నాటకమునకు ముందు మైకులో ఊరివారికి చెప్పించినచో, కుఱ్ఱవాండ్రు మొదట నవ్వుదురు గాని, తెల్లవాఱకముందే యుద్ధరంగమునకు కూడ తెర లేచును.